వేడన్నం కేసు

భ్రమరాంబ మీద మోపిన నేరం ఏమిటంటే, ఆవిడ హాస్టల్లో అన్నం వేడిగా ఉంది. దొంగ బిల్లులు పెట్టినందుకూ, బియ్యం బస్తాలు పక్కదారి పట్టించినందుకూ వార్డెన్ల మీద విచారణలు జరగడం లోకానికి కొత్త కాదు. అవన్నీ చేసి కూడా సాయంత్రం పూట పార్కులో నడుస్తూ ఆరోగ్యం కాపాడుకుంటున్న వార్డెన్లు ఆ జిల్లాలో ఉన్నారు. గిన్నె మూత తీస్తే ఆవిరి వచ్చిందన్న నేరానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది మాత్రం భ్రమరాంబ ఒక్కతే. దానికంతటికీ మూలం ఒక నూనె చుక్క.

ఆ చుక్కను బాలికల వసతి గృహాల సంస్థ జాయింట్ డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు ఏదో విజ్ఞాన సదస్సులో తెర మీద చూశారు. గాజు పళ్లెంలో సూక్ష్మజీవులను పెంచితే పాల మీద మీగడలా పరుచుకున్నాయి. మధ్యలో లవంగ నూనె చుక్క వేస్తే దాని చుట్టూ గుడ్డతో తుడిచినట్టు గుండ్రంగా ఖాళీ ఏర్పడింది. ఆయన డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు. ప్రభుత్వ ఉత్తర్వుల్లో కర్మణి ప్రయోగం మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నారు. ఆ ఖాళీ వలయం చూడగానే ఆయన కళ్లముందు తన సంస్థలోని హాస్టళ్లన్నీ, వాటిలోని సాంబారు గిన్నెలన్నీ మెదిలాయి. రోజూ వండటమెందుకు? వారానికొకసారి వండి, చుక్క వేసి, మూత పెడితే సరిపోదా? అలా పుట్టింది నిత్యనూతన భోజన పథకం.

వార్డెన్లందరినీ జిల్లా కేంద్రానికి పిలిపించి శిక్షణ ఇచ్చారు. వెనక వరసలో కూర్చున్న భ్రమరాంబకు ఆయన మాటలు మొదట్లో పురాణ కాలక్షేపంలా వినిపించాయి.

“ఇన్నేళ్లుగా మనం వండుతూ వచ్చాం. ఎందుకు వండుతున్నామని ఎన్నడైనా ప్రశ్నించుకున్నామా?” అన్నారు పరాంకుశం. “ఆహారం పాడైపోతుందన్న భయమే నిత్య వంటకు మూలకారణం. నేటి నుంచి ఆ భయం రద్దు చేయబడినది.”

వ్యవసాయ కళాశాల నుంచి వచ్చిన ఒక చిన్న మేడం లేచి, నూనెలో శక్తి ఉన్నమాట నిజమే కానీ పళ్లెంలో జరిగినట్టు పప్పులో జరగదని, పప్పులోని నూనే, జిడ్డూ ఆ శక్తిని చాలావరకు మింగేస్తాయని, నిజంగా పని చెయ్యాలంటే నోట్లో పెట్టలేనంత పొయ్యాల్సి వస్తుందని, ఎండాకాలంలో అప్పుడు కూడా పూచీ లేదని చెప్పింది. పరాంకుశం ఆవిడను మనసారా అభినందించారు. సిద్ధాంతాన్ని శాస్త్రవేత్తలే అంగీకరించారు కనుక మోతాదు వంటి చిల్లర విషయాలు తర్వాత చూసుకోవచ్చన్నారు. ఆ మేడం మళ్లీ ఎక్కడా కనిపించలేదు.

అందరితోపాటు భ్రమరాంబ కూడా చప్పట్లు కొట్టింది. ఇది దాచాల్సిన సంగతేం కాదు. వంటమనిషి దీనమ్మకు మోకాళ్ల నొప్పులు, గ్యాసు బండ ఎప్పుడూ నెలాఖరుకి ముందే అయిపోతుంది, వారానికొక్క వంటంటే ఎవరికి చేదు? పైగా ఆవిడ కాంట్రాక్టు ఉద్యోగి. ఏళ్ల తరబడి ఆ ఉద్యోగంలోనే ఉంది, ఇంకా కాంట్రాక్టే. పర్మినెంటు చేసే ఫైలు పరాంకుశం గారి బల్ల మీదే ఉంది. బల్ల మీద ఫైలు ఉన్నప్పుడు చేతులు వాటంతటవే చప్పట్లు కొడతాయి.

ఆ వారమే నూనె డబ్బాలు దిగాయి. డబ్బాలు దించిన లారీలోనే హాస్టలు ఫ్రిజ్ ఎక్కించుకుపోయారు. ప్రకృతిని నమ్ముకున్న చోట ఫ్రిజ్ ఉండటం పథకం మీద అపనమ్మకం ప్రకటించినట్టవుతుందట. సోమవారం దీనమ్మ పెద్ద గుండిగ నిండా పప్పు, ఇంకో గుండిగ నిండా సాంబారు కాచి, చెప్పిన కొలతకు నూనె వేసింది. ఘాటు కళ్లలోకెక్కింది.

“ఏందమ్మా ఇది, పన్ను పీకిచ్చుకోను పోయినట్టుంది,” అంది దీనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

పిల్లలు వరసగా కూర్చుని, ఎవరికి పన్ను నొప్పి వచ్చిందని ఒకరినొకరు అడిగారు. ఆకలి మీద ఉన్నారు గనుక ముక్కు మూసుకుని తిన్నారు. మంగళవారం సగం తిన్నారు. బుధవారం నాటికి పప్పు మీద నురగ తేలింది, గరిటె పెడితే తీగలు సాగింది. భ్రమరాంబ దాన్ని పెరట్లో పారబోయించి, పప్పు పాచిపోయిందని పర్యవేక్షణాధికారి వీరరాఘవులు గారికి ఫోన్ చేసింది. అలా జరగడానికి వీల్లేదన్నారు వీరరాఘవులు. పథకంలో పాచిపోవడం అనే ఏర్పాటు లేదట. లేని దాన్ని తాను పైకి ఎలా రాస్తానని ఆయనే ఎదురడిగారు.

మూడో రోజుకల్లా సర్క్యులర్ వచ్చింది. “పాచిపోయినది, పులిసినది, కంపు కొట్టుచున్నది అను పదములు ఇకపై ఉత్తర ప్రత్యుత్తరములలో వాడరాదు. అట్టి సందర్భములలో పరిపక్వత నొందినది అని వ్రాయవలెను.” కింద, మన పూర్వులు చద్దన్నం తిని నిండు నూరేళ్లు బతికారని ఒక పేరా. రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుని పొద్దున్నే ఉల్లిపాయతో తినేదాన్ని చద్దన్నం అంటారనీ, సోమవారం పప్పుని గురువారం తినడాన్ని అలా అనరనీ ఆ పూర్వుల్లో ఎవరైనా లేచి వచ్చి చెబితే బాగుండేది. వాళ్లకా వెసులుబాటు లేదు.

ఆహారం పరిపక్వత నొందిందో లేదో తేల్చడానికి ఘ్రాణ నిర్ధారణ సంఘం అని ముగ్గురు అధికారులను వేశారు. వాళ్లు హాస్టలుకి వచ్చి, పద్ధతి ప్రకారం ముందు నూనె డబ్బా మూత తీసి, అసలు వాసన ఏదో ముక్కుకి పట్టించుకున్నారు. ఆ తర్వాత గుండిగ మీదకి వంగారు. లవంగం తప్ప ఇంకే వాసనా రావడం లేదని ముగ్గురూ ఏకగ్రీవంగా చెప్పారు. వాళ్లలో ఒకాయనకు గట్టి జలుబు. ఆయన అభిప్రాయమే అన్నింటికంటే నిష్పాక్షికమైందని నివేదికలో ప్రత్యేకంగా ప్రశంసించారు.

ఆ రాత్రి ఆ గుండిగలోదే తిన్న నలుగురు పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. భ్రమరాంబ ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. మర్నాడు వీరరాఘవులు వచ్చి విచారణ జరిపి కారణం కనిపెట్టారు. హాస్టల్ ఆహారంలో సూక్ష్మజీవులు లేవు గనుక, ఆదివారం చూడ్డానికొచ్చిన తల్లులు తెచ్చినవే అయి ఉంటాయి. దాంతో తల్లులు రాకూడదని కట్టడి చేశారు. ఒక తల్లి గేటు బయట నిలబడి, నా బిడ్డకి పెట్టింది జంతికలేనమ్మా అని ఏడుస్తుంటే, భ్రమరాంబ లోపల్నించే విని తలుపేసుకుంది. ఆ సంగతి తల్చుకుంటే ఆవిడకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అధికారుల మీద కాదు, తన మీద.

తర్వాత పోటీలు మొదలయ్యాయి. ఏ హాస్టల్లో ఆహారం ఎక్కువ రోజులు నిలుస్తుందో దానికి ర్యాంకు. పక్క మండలం హాస్టల్లో ఒక సాంబారు గుండిగ అన్ని రికార్డులూ బద్దలు కొట్టింది. దానికి పూలదండ వేసి, పక్కన పరాంకుశం గారు నిలబడి ఫొటో దిగారు. ఆ సాంబారు అన్నాళ్లు నిలవడంలో నూనె గొప్పతనం ఎంతో తెలీదు గానీ, దాన్ని ఎవరూ ముట్టుకోకపోవడం గొప్ప సాయం చేసింది. అక్కడి పిల్లలు బడి గోడ దూకి బయట బజ్జీలు కొనుక్కుని బతికారు. ఇటు భ్రమరాంబ హాస్టలు జాబితాలో అట్టడుగున పడింది. పారబోస్తోంది కదా, ఏం నిలుస్తుంది? ప్రభుత్వ ఆహార సంపదను నేలపాలు చేసినందుకు ఆవిడకొక మెమో, ఫైలు సంగతి మరచిపొమ్మని వీరరాఘవులు నోట ఒక సలహా, రెండూ ఒకే రోజున అందాయి.

భ్రమరాంబకు కోపం వస్తే గొంతు పెరుగుతుంది. ఆ రోజు పెరగలేదు. సాయంత్రం వంటింట్లోకెళ్లి దీనమ్మ పక్కన పీట వాల్చుకుని కూర్చుంది. ఆ వారం గుండిగల్లోది కదిలించకుండా అటక మీదకి ఎక్కించమని, లెక్కకు అది నిలిచి ఉంటుందని, పిల్లలకు మాత్రం రోజూ రెండు పూటలా చిన్న గిన్నెల్లో తాజాగా వండమని చెప్పింది. దొరికితే ఉద్యోగం పోతుందని దీనమ్మ గుర్తు చేసింది. పోతే పోయిందని భ్రమరాంబ అనలేదు, ఆవిడ అంత ధైర్యస్థురాలు కాదు. దొరక్కుండా వండమంది.

అలా ఆ హాస్టల్లో అన్నం దొంగసారాలా తయారవడం మొదలైంది. కిటికీలు మూసి, తలుపు దగ్గర ఒక పిల్లను కాపలా పెట్టి, పోపు వేసేటప్పుడు పైన మూత పెట్టి వండేవారు. పిల్లలు పచ్చిపులుసూ వేడన్నమూ నోట్లో పెట్టుకుని మాట్లాడకుండా తినేవారు. మొహాల్లో మళ్లీ రంగు వచ్చింది. ర్యాంకు కూడా అట్టడుగు నుంచి పైకి పాకింది, అటక మీది గుండిగలను ఎవరూ ముట్టుకోవడం లేదు మరి.

ఎంత మూసినా ఆవిరి ఆగుతుందా? ఒకనాడు పట్టపగలు వీరరాఘవులు చెప్పా పెట్టకుండా దిగారు. దారిలో జీపు చెడిపోయి ఎండలో చాలాదూరం నడిచొచ్చారు, పొద్దుట్నించీ ఏమీ తినలేదు. వంటింటి వైపు నుంచి గోంగూర పప్పుకి వేసిన తిరగమోత వాసన ఆయన్ని చెయ్యి పట్టి లాక్కెళ్లింది. గిన్నె మూత ఎత్తబోయి వేళ్లు కాల్చుకున్నారు. నేరం ఎదురుగా పొగలు కక్కుతోంది.

“ఇదేమిటి?” అన్నారు.

“అన్నం సార్,” అంది భ్రమరాంబ.

వీరరాఘవులు కర్తవ్యం ఎరిగిన మనిషి. కుర్చీ వేయించుకుని, విస్తరి వేయించుకుని సాక్ష్యాన్ని పరిశీలించారు. సరిపోలేదని రెండోసారి పరిశీలించారు. నెయ్యి ఉందా అని కూడా ఆరా తీశారు. చేయి కడుక్కుని వచ్చి అక్కడే నివేదిక రాశారు. “సదరు అన్నము, పప్పు తాజాగా వండబడినవిగా గుర్తించడమైనది. సాక్ష్యాధారములు చెడిపోవు ప్రమాదము ఉన్నందున వాటిని అక్కడికక్కడే స్వయముగా భుజించి నిర్ధారించడమైనది. నేరము రుజువైనది.”

విచారణ పరాంకుశం గారి ఆఫీసులో జరిగింది. పథకం మీద నమ్మకం లేకపోవడం, ఆవిరి వెలువరించడం, పిల్లలను వేడి ఆహారానికి అలవాటు చేసి వారిలో పూర్వపు రోజుల మీద మోజు రేకెత్తించడం అని మూడు అభియోగాలు చదివి వినిపించారు. ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. దారి పొడుగునా భ్రమరాంబ బతిమాలుకునే మాటలు కూడబలుక్కుంటూ వచ్చింది. తీరా నోరు తెరిచేసరికి వేరేవి వచ్చాయి.

“వేడిగా ఉంటే పిల్లలు తింటున్నారు సార్. నూనె వేసింది తినట్లేదు. పురుగులు కూడా తినట్లేదేమో, నాకు తెలీదు. నాకు పురుగుల సంగతి అక్కర్లేదు.”

పరాంకుశం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కోపగించుకుంటారనుకుంటే ఆయన మొహం వెలిగిపోయింది. ఏ ప్రయోగానికైనా పోలిక ఉండాలన్న మాట సదస్సులో విన్నది ఆయనకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. నూనె వేసిన హాస్టళ్లు ఇన్ని ఉండగా, నూనె వేయనిది ఒక్కటీ లేకపోవడం శాస్త్రానికి లోటు. నేరస్థురాలి రూపంలో ఆ లోటు తీరింది. భ్రమరాంబ హాస్టలును పోలిక హాస్టలుగా ప్రకటిస్తున్నామని, అక్కడ రోజూ తాజాగా వండి, ఫలితాలను పోల్చి చూస్తామని, ప్రయోగం సక్రమంగా ముగిస్తే ఫైలు మీద సంతకం కూడా చేస్తానని సెలవిచ్చారు. భ్రమరాంబ ఆయన కాళ్లకు మొక్కినంత పని చేసింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని రేపు ఏం వండాలా అని ఆలోచించుకుంది. ఆ ఒక్క సాయంత్రం ఆవిడకు పరాంకుశం గారు మంచివాడని కూడా అనిపించింది.

మర్నాటి నుంచి పరిశీలన మొదలైంది. పరిశీలన సరిగ్గా మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చేది. మొదటిరోజు వీరరాఘవులు, ఆయన గుమాస్తా వచ్చారు. రెండోరోజు ఘ్రాణ సంఘం ముగ్గురూ వచ్చారు, జలుబు తగ్గిన ఆయన అందరికంటే ఎక్కువ తిన్నారు. వారం తిరక్కుండా సంగతి జిల్లా ఆఫీసులన్నింటికీ పాకింది. పథకానికి సంబంధం లేని శాఖలు కూడా సంబంధం కనిపెట్టుకున్నాయి. చారులో వాడిన నీళ్లు ఎక్కడివో చూడ్డానికి నీటిపారుదల వాళ్లు, వంకాయల రకం తేల్చడానికి ఉద్యానశాఖ వాళ్లు, పొగ ఎటు పోతుందో తెలుసుకోవడానికి అటవీశాఖ వాళ్లు. జీపులు గేటు దాటి రోడ్డు దాకా నిలిచేవి. పదార్థాలు ఎంత పెంచి వండినా పై అధికారుల వడ్డన అయ్యాకే మిగతావాళ్లకని వీరరాఘవులు నిబంధన పెట్టారు.

గంట కొట్టాక పిల్లలు పళ్లాలు పట్టుకుని వచ్చేసరికి గిన్నెల్లో అడుగంటిన మాడు ఉండేది. ప్రయోగం మధ్యలో పిల్లలు పస్తులుండకూడదని సంస్థ దయతలచి, పక్క మండలం నుంచి దండ వేసిన రకం సాంబారు వ్యానులో పంపించేది. నూనె వాసన మళ్లీ హాలంతా పరుచుకుంది. తాజాగా వండే ఒకే ఒక్క హాస్టల్లో, వండిన అన్నం తిననివాళ్లు ఎవరయ్యా అంటే అక్కడుండే పిల్లలే.

ఎనిమిదో తరగతి సలోమి పెద్ద పేచీకోరు, ఏదైనా మొహమ్మీదే అడుగుతుంది. ఒకరోజు ఖాళీ పళ్లెంతో భ్రమరాంబ ఎదురుగా నిలబడి, “మేడం, దొంగతనంగా వండినప్పుడే బాగుండేది గదా,” అంది. భ్రమరాంబ ఆ పిల్లను కసిరి పంపేసింది. తర్వాత స్టోరు గదిలోకెళ్లి బియ్యం బస్తా మీద కూర్చుండిపోయింది. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది?

ఆ సాయంత్రమే వీరరాఘవులు ఫోన్ చేశారు. ప్రయోగం ముగిసింది, రేపు జాయింట్ డైరెక్టరు గారు స్వయంగా వచ్చి ఫలితాలు ప్రకటిస్తారు, భోజనం అక్కడే. గోంగూర పప్పు, ఊరమిరపకాయలు, గుత్తివంకాయ ఉండాలి. ఫైలు వెంట తెస్తున్నారు, భోజనం కాగానే సంతకం. “నీ కష్టాలు తీరాయమ్మా,” అని కూడా అన్నారు. అన్నవన్నీ తయారుగా ఉంటాయని భ్రమరాంబ చెప్పింది.

అన్నట్టే తయారు చేయించింది. దీనమ్మ గుత్తివంకాయ కూరలో నువ్వులు దంచి పోసింది, అలాంటి కూర ఆ వంటింట్లో అంతకు ముందు ఎన్నడూ ఉడకలేదు. అన్నీ దించాక భ్రమరాంబ వంటింటి గుమ్మంలో నిలబడి గిన్నెలవైపు చూసింది. ఫైలు వస్తోంది. దాని కోసమే కదా ఇన్నాళ్లూ నోరు మూసుకున్నది, తల్లుల్ని గేటు బయట నిలబెట్టింది. కాసేపు అలాగే నిలబడి, వెళ్లి అన్నం గంట తనే కొట్టింది. మధ్యాహ్నం బడి విడిచే వేళకు ఇంకా చాలా టైముంది. ఆవరణలోనే ఉన్న బడిలోంచి టీచర్లు విస్తుపోయి బయటికొచ్చారు, పిల్లలు వాళ్లకంటే ముందే వచ్చేశారు. భ్రమరాంబ కొంగు బిగించి తన చేత్తోనే వడ్డించింది. మారు అడిగినవాళ్లకు మారు వేసింది. సలోమి మూడోసారి వచ్చినా ఏమీ అనలేదు.

పరాంకుశం గారు పరివారంతో సహా దిగేసరికి వరండాలో షామియానా, మైకు, కుర్చీలు సిద్ధంగా ఉన్నాయి. ఆయన ఫలితాలు చదివారు. “నిత్యనూతన భోజనము అమలైన హాస్టళ్లన్నింటియందును ఆహారము గుండిగలలో చెక్కుచెదరక నిలిచి ఉన్నట్లు గమనించబడినది. పోలిక హాస్టలునందు వండబడిన తాజా ఆహారము ఏ ఒక్క దినమునందును గంటసేపైనను నిలువలేదు. కావున తాజా ఆహారమునకు నిల్వ సామర్థ్యము శూన్యమని శాస్త్రీయముగా నిరూపించబడినది.” రేపటి నుంచి సంస్థ పరిధిలో తాజా వంట పూర్తిగా నిషేధించబడుతుందని ప్రకటించారు. గంటసేపైనా నిలవకుండా చేసినవాళ్లంతా ముందు వరసల్లో కూర్చుని చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఆయన చేతులు కడుక్కుని వచ్చి విస్తరి ముందు కూర్చున్నారు. వీరరాఘవులు ఫైలు విప్పి, పెన్ను మూత తీసి, పక్కనే నిలబడ్డారు. భ్రమరాంబ వచ్చి ఎదురుగా నిలుచుంది, చేతిలో గరిటె లేదు.

“అయిపోయింది సార్.”

“ఏది?”

“అన్నం. కూర, పప్పు, అన్నీ. పిల్లలు తినేశారు.”

పరాంకుశం గారికి కోపం రాలేదు, ముందు అర్థం కాలేదు. వీరరాఘవులు వైపు చూశారు. వీరరాఘవులు పథకం కాగితాలన్నీ గబగబా తిప్పి చూసి, అలాంటిదేమీ లేదన్నట్టు తల ఊపారు. పరాంకుశం మళ్లీ భ్రమరాంబ వైపు తిరిగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు.

“ఏ పిల్లలు?”